పాత ఇంట కాపురమున్న పండితుడు

1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెన్ అనే జర్మను యుద్ధనౌక మద్రాసు రేవు ఎదుట నిలిచి గుళ్ళు కురిపించింది. చమురు తొట్లు అంటుకొని ఆకాశం ఎర్రబడింది. ప్రాణభీతితో వేలాది జనం పట్టణం వదలి పోయారు. ఈ కథ చాలామందికి తెలిసినదే. ఆ తరువాత నెల తిరగకముందే అదే నౌక క్లాన్ గ్రాంట్ అనే సరకుల ఓడను సముద్రం పాలు చేసిన సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఆ ఓడతోపాటు మునిగిపోయిన సామానులో ఒక వృద్ధుడు పాతికేళ్ళపాటు కూడబెట్టుకొన్న ధనం ఉంది. అది బంగారమూ కాదు, వెండీ కాదు. దేశదేశాల పట్టణాల పటాలు, పాత వీధుల చిత్రాలు, ఇళ్ళ నమూనాలు. మద్రాసులో ప్రదర్శన జరపడానికై అవి బయలుదేరినవి. వాటి యజమాని అప్పటికే భారతదేశంలో అడుగుపెట్టి, వాటి రాకకై ఎదురుచూస్తున్నాడు. ఆయన పేరు పాట్రిక్ గెడ్డిస్. వయస్సు అరవై.

వార్త విని ఆయన కుంగిపోలేదు. స్వదేశంలోని మిత్రులు ఇల్లిల్లూ తిరిగి మరొక సంపుటిని సమకూర్చి పంపారు. 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన జరిగింది. అప్పటి మద్రాసు గవర్నరు పెంట్లండు ప్రభువు స్కాట్లండు వ్యవహారాలలో ఆరితేరినవాడు. గెడ్డిస్ పనిని ఎరిగి పిలిపించినవాడు ఆయనే. ప్రదర్శన ముగిసిన తరువాత రాజధానిలోని పట్టణాలను పరిశీలించి సలహా చెప్పవలసిందిగా దొరతనంవారు కోరారు. నేటి శ్రీకాకుళం, నరసన్నపేట ప్రాంతం ఆనాడు ఆ రాజధానిలోనే గంజాం జిల్లాకు చేరి ఉండేది. తంజావూరు, మధుర, బళ్ళారి మొదలైన పట్టణాలలో ఆయన చెప్పిన మాట ఒక్కటే: మనుషులు కాపురముంటున్న పాత ఇంటిని కూలద్రోయకండి, బాగుచేయండి. ఆ మాట చెప్పే అధికారం ఆయనకు పుస్తకాలవల్ల వచ్చినది కాదు. ఎట్లా వచ్చిందో తెలుసుకోవాలంటే స్కాట్లండుకు వెళ్ళాలి.

గెడ్డిస్ 1854 అక్టోబరు 2వ తేదీన స్కాట్లండులోని బాలటర్ గ్రామంలో జన్మించాడు. తండ్రి సైన్యంలో సార్జెంటు మేజరు, సంపన్నుడు కాడు. కొద్దికాలానికే కుటుంబం పెర్త్ పట్టణం పక్కన, ఒక కొండవాలున ఉన్న చిన్న ఇంటికి చేరింది. ఇంటివెనుక తోట ఉండేది. తండ్రి తీరికవేళల్లో కొడుకును వెంటబెట్టుకొని తోటపని నేర్పేవాడు. సెలవునాడు కొండలవెంట నడిపించేవాడు. మొక్కను చూడడమెట్లాగో, నేలను చూడడమెట్లాగో ఆ బాలుడు అక్కడ నేర్చుకొన్నాడు. బడి చదువు ముగిసిన తరువాత పెద్దల మాట కాదనలేక ఏడాదిన్నర కాలం బ్యాంకులో గుమాస్తాగా పనిచేశాడు. మనసు నిలువలేదు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి ఒక్క వారానికే విడిచిపెట్టాడు. ఎండు మొక్కలను ముక్కలుచేసి చూపే ఆ పాఠాలు ఆయనకు రుచించలేదు. లండనుకు పోయి సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త హక్స్‌లీ వద్ద శిష్యుడైనాడు. చిత్రమేమంటే, ముప్పైయేళ్ళకు పైగా ఆచార్యపదవి వహించిన ఈ మనిషి జీవితంలో ఒక్క పట్టమైనా పరీక్షవ్రాసి పుచ్చుకోలేదు.

1879లో మొక్కలను, శిలాజాలను సేకరించడానికి మెక్సికో దేశం వెళ్ళాడు. అక్కడ కంటిజబ్బు సోకింది. కొన్ని వారాలపాటు చీకటిగదిలో కళ్ళకు గంతలతో పడి ఉండవలసి వచ్చింది. చదువే ఊపిరిగా బ్రతుకుతున్న ఇరవై అయిదేళ్ళ యువకునికి అంతకంటె ఘోరశిక్ష మరొకటి ఉండదు. ఆ చీకటిలో కిటికీ తలుపు తడుముతూ, దాని గళ్ళను వేళ్ళతో లెక్కపెడుతూ, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క భావాన్ని అమర్చుకొనడం అలవాటు చేసుకొన్నాడు. ఊరు, వృత్తి, జనం — ఈ మూడింటినీ విడదీసి చూడరాదనే సిద్ధాంతానికి అటువంటి గళ్ళ పటాలే తరువాత ఆధారమైనవి. చూపు తిరిగి వచ్చింది గాని, సూక్ష్మదర్శినితో గంటలకొద్దీ పనిచేసే శక్తి పోయింది. మొక్కల కణాలను చూడవలసిన కళ్ళు మనుషుల ఇళ్ళవైపు తిరిగినవి.

ఎడింబరో పట్టణం ఆ రోజులలో రెండుగా చీలి ఉండేది. కోటనుండి దిగే గుట్టమీద పాత ఊరు. లోయకు ఆవల 1767 తరువాత గీతగీసినట్లు కట్టిన కొత్త ఊరు. ధనవంతులు, వకీళ్ళు, పండితులు ఒక్కరొక్కరే కొత్త ఊరికి తరలిపోయారు. వాళ్ళు విడిచిపోయిన అయిదారు అంతస్తుల రాతిమేడలలో ఒక్కొక్క గదికి ఒక్కొక్క కుటుంబం చొప్పున కూలి జనం నిండిపోయారు. చరిత్రకారుడు హ్యూమ్, ఆయన తరువాత జీవితచరిత్ర రచనకు పేరుపడిన బాస్వెల్ అద్దెకున్న జేమ్స్ కోర్టు అనే లోగిలి కూడ అట్లే మురికికూపమైంది. పట్టణ పెద్దలకు తోచిన ఉపాయం గునపం. 1867లో శాసనం తెచ్చి పాత సందులను కొట్టివేసి వెడల్పు వీధులు వేశారు. అక్కడివాళ్ళు ఏమైనారు? పక్క సందులోకి పోయి, అప్పటికే కిక్కిరిసిన గదులలో మరింత ఇరుకున పడ్డారు. ఒక వీధి అందంగా తయారైతే దాని వెనుక రెండు వీధులు నరకమైనవి.

1886లో గెడ్డిస్ ఆనా మోర్టన్ అనే యువతిని వివాహమాడాడు. ఆమె లివర్‌పూల్ వర్తకుని కుమార్తె, సంగీతంలో నిపుణురాలు. మరుసటి సంవత్సరమే ఆ దంపతులు కొత్త ఊరిలోని సౌఖ్యాన్ని విడిచి జేమ్స్ కోర్టులో కాపురం పెట్టారు. బంధువులు, మిత్రులు ముక్కున వేలువేసుకొన్నారు. మొదటి బిడ్డ పుట్టినది ఆ ఏడే. పసికందును ఎత్తుకొని, చదువుకొన్న ఇల్లాలు, కళ్ళు తెరిస్తే కల్లుముంతల కొట్లాటలు వినబడే చోట నివసించడం సులభమైన పని కాదు. ఈ కథలో గెడ్డిస్ పేరు ఎంత వినబడుతుందో ఆనా పేరు అంత వినబడదు. అది న్యాయం కాదు. భర్త మాటలు చెప్పాడు, ప్రణాళికలు వేశాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో మాటకలిపి, చీపురు పట్టించి, లెక్కలు చూసి నిలబెట్టినది ఆమె.

వాళ్ళు చేసిన పని వినడానికి చాలా చిన్నది. ముందు తమ వాటాకు సున్నం కొట్టుకొన్నారు. తరువాత మెట్లకు, ముంగిలికి కొట్టారు. కిటికీ గూళ్ళలో పూలమొక్కల పెట్టెలు పెట్టారు. అది చూచి పక్కవాళ్ళు ఒకరొకరే కదిలారు. పెంటపోగుగా ఉన్న జాగాను చదునుచేసి తోట వేశారు. లండనులో అక్టేవియా హిల్ అనే స్త్రీ 1865 నుంచి పేదల ఇళ్ళను బాగుచేయించి, తానే అద్దె వసూలు చేస్తూ, వాళ్ళ కష్టసుఖాలు కనుక్కొంటూ నడిపిన పద్ధతి వీళ్ళకు ఆదర్శం. మరీ శిథిలమైన గోడ ఉంటే దానిని మాత్రం తీయించేవారు. గాలి, వెలుతురు చొరబడేవి. ఇల్లు నిలిచేది, ఇంటివాడూ నిలిచేవాడు. తరువాతి కాలంలో పెద్దకుమార్తె నోరా కూడ ఈ పనిలో దిగి, పాత ఊరి మధ్య ఖాళీ జాగాలను వెదకి చిన్నచిన్న తోటలుగా మార్చింది. లెక్కవేసి చూస్తే ఆ ఇరుకు ఊరిలోనే పది ఎకరాల మేర ఎవరికీ అక్కరలేని నేల బయటపడింది.

అదే ఏడు విద్యార్థుల వసతిగృహం ప్రారంభమైంది. పాత ఇళ్ళు బాగుచేసి అందులో విద్యార్థులను ఉంచారు. పైన పెత్తందారు ఎవరూ లేరు, వాళ్ళ ఏర్పాట్లు వాళ్ళే చేసుకోవాలి. చదువుకొన్నవాళ్ళు పాత ఊరికి తిరిగివస్తే ఊరు తిరిగి బ్రతుకుతుందని గెడ్డిస్ ఊహ. అలెన్ రామ్సే అనే కవి పూర్వం నివసించిన ఎనిమిది కోణాల ఇల్లు కోట పక్కన ఉంది. దానిని తీసివేయకుండా, దాని చుట్టూ అల్లుకొనేటట్లు 1890 తరువాత కొత్త వాటాలు కట్టించాడు. దానికి రామ్సే గార్డెన్ అని పేరు. తన సంసారాన్ని కూడ అక్కడికే మార్చాడు. దాపునే ఉన్న ఒక బురుజును 1892లో తీసుకొని, ఊరిని, జిల్లాను, దేశాన్ని, ప్రపంచాన్ని అంతస్తులవారీగా చూపే ప్రదర్శనశాలగా తీర్చాడు. దానికి అవుట్‌లుక్ టవర్ అని పేరు పెట్టాడు. పిల్లలను ముందు పైకప్పుకు తీసుకువెళ్ళి ఊరంతా చూపించి, ఆ తరువాతే పుస్తకం తెరిపించాలనేది ఆయన బోధనాపద్ధతి. ఉపాధ్యాయులకు ఇది ఇప్పటికీ పనికివచ్చే ముక్క.

లోపం కూడ చెప్పాలి. డబ్బు విషయంలో గెడ్డిస్ అజాగ్రత్త హద్దుమీరినది. ఇల్లుమీద ఇల్లు కొని, అప్పుమీద అప్పు చేశాడు. చివరకు 1896లో మిత్రులు ఒక సంఘంగా ఏర్పడి ఆ ఇళ్ళను, అప్పులను భుజాన వేసుకొన్నారు. రామ్సే గార్డెనులో ఆచార్యులు, చిత్రకారులు కాపురం వచ్చారు. కూలివాడు రాలేదు, రాలేడు. బాగుపడిన ఇంటికి అద్దె పెరుగుతుంది. పెరిగిన అద్దె పాతవాణ్ణి మర్యాదగానే బయటకు పంపుతుంది. గునపం చేసే పనిని కొన్నిచోట్ల సున్నమే చేస్తుంది. ఈ చిక్కుకు ఆయన పూర్తి సమాధానం కనుక్కోలేదు.

జీవనానికి 1888 నుంచి డండీ పట్టణంలో వృక్షశాస్త్రాచార్య పదవి ఉంది. మిత్రుడొకడు నిధి ఇచ్చి ఏర్పరచినది; ఏడాదిలో వేసవి మూడునెలలు చెబితే చాలు. ఆ మిగిలిన తొమ్మిది నెలల తీరికే ఆయనను దేశదేశాలు తిప్పింది.

1914లో భారతదేశం వచ్చినప్పుడు కుమారుడు అలస్టేర్ వెంట ఉన్నాడు. తండ్రీకొడుకులు ఊరూరా తిరిగారు. గెడ్డిస్ పద్ధతి మునిసిపాలిటీ ఇంజనీర్లకు వింతగా తోచేది. ఆయన బల్లముందు కూర్చొని పటంమీద గీతలు గీయడు. తెల్లవారకముందే లేచి సందులవెంట నడుస్తాడు. బావివద్ద నిలబడతాడు, గుడిమెట్లమీద కూర్చుంటాడు, పాడుపడిన ఇల్లేదో కాపురమున్న ఇల్లేదో ఒక్కొక్కటే గుర్తువేసుకొంటాడు. వైద్యుడు నాడి చూడకుండా కత్తి పట్టరాదు గదా. తన చికిత్సకు ఆయన పెట్టిన పేరు కూడ అటువంటిదే; తెలుగులో దానిని సంరక్షక శస్త్రచికిత్స అనవచ్చు.

తంజావూరు కోటలోపలి పేటను ఉదాహరణగా తీసుకొందాం. అక్కడ ఇళ్ళు కిక్కిరిసి ఉన్నవి, గాలి ఆడదు. మునిసిపాలిటీవారి యోచన ప్రకారం ఇళ్ళ వరుసలను చీల్చుకొంటూ తిన్నని వెడల్పు బాటలు వేయాలి. గెడ్డిస్ అదే పేటను కాలినడకన చూచి మరొక పటం వేశాడు. ఆ పటంలో కాపురమున్న ఇళ్ళలో దాదాపు అన్నీ నిలిచినవి. మొండిగోడలు, పాడుపడిన కొట్లు, ఎవరూ దీపం పెట్టని నాలుగైదు ఇళ్ళు మాత్రం తీసివేస్తే చాలు. అట్లా ఏర్పడిన ఖాళీలను ఒకదానితో ఒకటి కలిపితే నడుమ చిన్న చిన్న చతురాలు వస్తవి. చెట్టు నాటవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు. సందు వంకరగా ఉంటే నష్టమేమీ లేదు. ఎండదేశంలో ఇరుకు సందుకు నీడ ఉంటుంది. బండ్లు ఎదురుపడే చోట మాత్రం వెడల్పు చేయాలి. నష్టపరిహారాల ఖర్చు తరిగిపోవడంవల్ల మునిసిపాలిటీవారి లెక్కలో కొద్దిభాగంతోనే పని గడిచిపోతుంది. అన్నిటికీ మించి, ఎవరూ వీధిపాలు కారు.

ఆయన వాదంలోని బలమంతా ఈ చివరి మాటలో ఉంది. ఇల్లు కోల్పోయినవాడికి పరిహారం చేతికందేనాటికి పక్కవీధిలో అద్దె పెరిగి ఉంటుంది. ఉన్న ఇళ్ళు తగ్గితే ఉన్న జనం తగ్గరు. ఆరోగ్యం పేరుతో చేసిన కూల్చివేత ఇరుకును పెంచి అనారోగ్యాన్నే తెస్తుందని ఎడింబరోలో కళ్ళారా చూచినవాడు గనుక, తంజావూరులో ఆయన మాట అంత గట్టిగా వచ్చింది. లాహోరులో, అయోధ్యసీమలోని బలరాంపురంలో 1917లో వ్రాసిన నివేదికలలోను ఆయన పట్టుదల ఇదే. దోమల భయంతో చెరువులు పూడ్చివేయాలన్న చోట కూడ అడ్డుపడ్డాడు. నీటిని శుభ్రంగా ఉంచి చేపలను వదిలితే సరి, చెరువు పోతే ఊరికి చల్లదనం పోతుందని హెచ్చరించాడు.

మన పెరటిలోని తులసికోట ఈ విదేశీయుని దృష్టిని ఆకర్షించిన తీరు గమనించదగినది. పాశ్చాత్య ఆరోగ్యాధికారులు కొందరు దానిని మూఢాచారంగా తీసిపారేశారు. గెడ్డిస్ చూపు వేరు. ఉదయమే నీళ్ళుపోసి, చుట్టూ అలికి, ముగ్గుపెట్టే ఇల్లాలు ఉన్న ముంగిలి ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. కనుక చక్కదిద్దిన గృహానికి తులసే గుర్తు అని ఆయన తీర్మానం. ఇందూరులో ప్లేగు పెచ్చుమీరిన కాలంలో ఈ నమ్మకాన్ని ఆచరణలో పెట్టాడు. దీపావళి పండుగకు ఒక్కరోజు మహారాజు అధికారాన్ని అడిగి తీసుకొని, గొప్ప ఊరేగింపు నడిపించాడు. ఊరేగింపు ఏ వీధినుండి పోతుందో ముందుగా చెప్పలేదు; ఎక్కువ ఇళ్ళు శుభ్రపడిన వీధినుండి పోతుందని చాటించాడు. ఇక చూడండి, ఊరంతా చీపుళ్ళు, సున్నపు కుండలు! బండ్లకొద్దీ చెత్త ఇళ్ళనుండి బయటకు వచ్చింది. ఎలుకల బొమ్మలు, ప్లేగు రాక్షసి బొమ్మ ఊరేగినవి, రాక్షసిని తగులబెట్టారు. ఇంటింటికీ తులసిమొక్కలు పంచారు. ప్లేగు తగ్గడానికి ఊరేగింపే కారణమని చెప్పడం సాహసం. పాత ఇళ్ళను కాల్చకుండా, కూల్చకుండా, ఇంట్లోవాళ్ళ చేతనే శుభ్రపరచవచ్చునని రుజువైనది మాత్రం నిజం.

శ్రీకాకుళం సీమలోని పల్లెవాసులకు ఈ వాదం కొత్తగా తోచదు. ఒకే వెన్నుగోడలతో, ఒకే వసారాతో, పొడవుగా సాగిన వరుస ఇళ్ళు ఇక్కడ నేటికీ కనబడతవి. నడుమ ఒక ఇంటిని తీసివేస్తే ఇరుపక్కల గోడలకూ ఆసరా పోతుంది. వానకాలంలో మూడిళ్ళూ తడుస్తవి. ఏటేటా పెంకు తిరగవేయించి, పండుగకు సున్నం వేయించినంతకాలం ఆ ఇళ్ళు తరాలకు తరాలు నిలుస్తవి. తాళంపడిన రెండేళ్ళకే దూలానికి చెద పడుతుంది. గెడ్డిస్ పండితుడు పుస్తకాలలో నిరూపించిన సంగతి ఇక్కడి వడ్రంగికి, పెంకునేతగానికి చేతిలోని విద్య.

ఆయన పని ఇట్లా సాగుతుండగా యూరపు యుద్ధం ఇంటిమీదికి వచ్చింది. అలస్టేరు స్వదేశానికి తిరిగిపోయి సైన్యంలో చేరాడు. బెలూన్ల దళంలో మేజరైనాడు. 1917 ఏప్రిల్‌లో ఫ్రాన్సు రణభూమిలో గుండు తగిలి మరణించాడు. ఆ వార్త చేరేనాటికి భారతదేశంలో ఆనా జ్వరంతో మంచాన పడి ఉంది. ఆమెకు చెప్పడానికి గెడ్డిస్‌కు నోరు రాలేదు. కొడుకు బ్రతికి ఉన్నట్లే, అంతకుముందు వ్రాసిన ఉత్తరాలు చదివి వినిపిస్తూ వచ్చాడు. జూన్‌లో ఆమె కన్నుమూసింది. ముప్పైయేళ్ళక్రితం జేమ్స్ కోర్టు మెట్లమీద చీపురు పట్టిన చేయి అది. రెండు మాసాలలో ఇల్లు శూన్యమైపోయింది. ఆ ఏడే ఆయన ఊళ్ళకు ఊళ్ళు తిరిగి, ఇతరుల ఇళ్ళు కూలకుండా నివేదికలమీద నివేదికలు వ్రాశాడు. 1918లో ఇందూరు నివేదిక రెండు పెద్ద సంపుటాలుగా వెలువడింది.

1919లో డండీ పదవి విరమించి, బొంబాయి విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్రానికి ప్రథమాచార్యుడైనాడు. మిత్రుడైన జగదీశచంద్ర వసు జీవితచరిత్రను 1920లో ప్రకటించాడు. రవీంద్రనాథ ఠాకూరుతో స్నేహం ఏర్పడింది. రెండవ కుమారుడు ఆర్థరు శ్రీనికేతనంలో పనిచేశాడు. మద్రాసు రాజధానిలో పట్టణ నిర్మాణ శాసనం 1920లో వచ్చింది. కాని గెడ్డిస్ సలహాలలో ఆచరణకు వచ్చినవి కొద్ది. యుద్ధకాలంలో డబ్బులేదు, ఇంజనీర్లకు తిన్నని గీతమీద మోజు పోలేదు. తప్పంతా వాళ్ళదే అనడానికి వీలులేదు. ఆయన ఉపన్యాసం గడ్డంలోనే ఇంకిపోయేదని, వ్రాత ఒక విషయంనుండి మరొకదానికి గెంతుతూ పాఠకుణ్ణి అలయించేదని మెచ్చుకొన్నవాళ్ళే ఒప్పుకొన్నారు. అడిగినవాడికి ఒక వీధి సంగతి కావలసి ఉంటే, ఆయన మానవజాతి చరిత్ర మొదలుపెట్టేవాడు.

ఆరోగ్యం చెడి 1924లో భారతదేశం విడిచి, దక్షిణ ఫ్రాన్సులోని మాంపెలియె పట్టణం చేరాడు. అక్కడ రాళ్ళు, ముళ్ళపొదలు తప్ప మరేమీ లేని నేలను కొని, తండ్రి నేర్పిన విద్యతో తోట వేసి, విద్యార్థులకు ఒక నివాసం కట్టించాడు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదమిచ్చింది. ఆ ఏడే ఏప్రిల్ 17వ తేదీన అక్కడనే దేహయాత్ర చాలించాడు.

భారతదేశపు నివేదికలు కచేరీల బీరువాలలో పడి ఉండగా, జాక్లిన్ టిర్‌విట్ అనే విదుషి వాటినుండి ముఖ్యభాగాలు ఏరి 1947లో లండనులో పుస్తకంగా తెచ్చింది. తంజావూరు సందుల పటాలు అందులో చూడవచ్చు. ఏ ఇల్లు తీయవలెనో, ఏది నిలువవలెనో గుర్తులు వేసి ఉంటవి. ఎడింబరో పాత ఊరు, కొత్త ఊరు రెండూ 1995లో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికకెక్కినవి. రామ్సే గార్డెను ఇప్పటికీ కాపురాలున్న ఇల్లే. సాయంకాలం కోట గుట్టమీదికి ఎక్కేవారికి ఆ కిటికీలలో దీపాలు కనబడతవి. అందులో ఒక వాటా కొనాలంటే మాత్రం లక్షాధికారి కావాలి.